ఏమేవ్

"మా ఆవిడకి కుక్కలంటే ప్రాణం మేడమ్," అన్నాడు సమూయేలు ఫోన్లో, ఇంగ్లీషులో.

వంటగట్టు దగ్గర ఉల్లిపాయలు కోస్తున్న అమృతం చేతిలో కత్తి ఆగింది. కథల్లో మాంత్రికుడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంటుందని చిన్నప్పుడు విన్నది గానీ, తన ప్రాణం ఆస్ట్రేలియాలో ఎవరివో కుక్కల్లో ఉందని ఆమెకి అప్పుడే తెలిసింది. పెళ్ళికి ముందు బాపట్ల దగ్గర మిషనాస్పత్రిలో నర్సుగా చేసింది. కుక్క కరిచి వచ్చినవాళ్ళకి బొడ్డు చుట్టూ సూదులు పొడిచీ పొడిచీ, వాళ్ళ కేకలు వినీ వినీ, వీధిలో కుక్క ఆవులిస్తే చాలు పక్కనున్న రిక్షా ఎక్కేసేది. ఇక సమూయేలు సంగతి సరేసరి. కుక్కబొమ్మ క్యాలెండరు తగిలించిన గోడకి వీపు ఆనించి కూర్చునే ధైర్యం కూడా లేదతనికి.

ఫోను పెట్టేసి, "బెవ్ మేడమ్ రెండు వారాలు పెర్త్‌లో కూతురి దగ్గరికి వెళ్తోంది. ఒబెరాన్ అడవిలో ఆవిడ ఇల్లుంది, మూడు కుక్కలున్నాయి. మనం వెళ్ళి చూసుకుంటున్నాం," అన్నాడు.

"మనమా?"

"నాకు పనుంటుంది కదా. నువ్వు చూసుకుంటావు."

అవి రెండువేల సంవత్సరం తరుముకొస్తున్న రోజులు. వెనకటి మగాళ్ళెవరో కంప్యూటర్లలో సంవత్సరం రాసేటప్పుడు ముందున్న రెండంకెలు మిగుల్చుకున్నారట. ఇప్పుడు ఆ రెండంకెలూ పెట్టకపోతే విమానాలు రాలిపోతాయనీ, బ్యాంకులు మతి తప్పుతాయనీ లోకమంతా గగ్గోలు. మర్చిపోయింది పెట్టడానికి దేశదేశాల నుంచి మగాళ్ళని పిలిపించి, ఏసీ గదుల్లో కూర్చోబెట్టి జీతాలిస్తున్నారు. అదే ఒక ఆడది పులుసులో ఉప్పు మర్చిపోయిందనుకోండి, వేసినందుకు జీతం మాట దేవుడెరుగు, కంచం ఎగిరి గోడకి తగలకపోతే అదే గొప్ప.

సమూయేలు అలా పిలిపించుకున్నవాళ్ళలో ఒకడు. ఆఫీసులో పేరు సామ్. సిడ్నీలో హారిస్ పార్క్ పేటలో రెండు గదుల ఫ్లాటు. సాయంత్రమైతే అతని వెంట ఆఫీసులో పనిచేసే బ్రహ్మచారులు నలుగురైదుగురు దిగేవారు. "వదినా, మీ చేతి పప్పు లేకపోతే కోడింగ్ రాదు," అనేవారు. వాళ్ళు తిన్న కంచాలు కడుగుతూ, మరి కోడింగ్ ఎవరు చేస్తున్నట్టు అని అమృతం మనసులోనే అనుకునేది.

అసలు ఈ సంబంధం కుదిరిందే ఆమె నర్సు అని. "నర్సు పిల్లయితే విదేశం ఖాయం," అని అత్తగారు జ్ఞానప్రసూన చర్చిలో పదిమందికీ చెప్పుకుని మురిసింది. అప్పటికి సమూయేలు ఇంటర్వ్యూలకి తిరిగి చెప్పులరగదీసుకుంటున్నాడు. పెళ్ళయ్యాక కంప్యూటర్ల గాలి వీచింది. మూణ్ణెల్ల కోర్సు చేసినవాడల్లా ఇంజనీరయ్యాడు. దాంతో అదే అత్తగారి నోట అదే ఉద్యోగం ఇలా మారింది: "మొగుడు ఆస్ట్రేలియాలో సంపాయిస్తుంటే, ఇంకా ఊళ్ళోవాళ్ళ బెడ్‌పాన్లు ఎత్తుతానంటావేంటమ్మాయ్?" అమృతం మాత్రం పట్టు వదల్లేదు. ఉత్తరాన టూవూంబా అనే ఊళ్ళో ఉన్న పాత సీనియరు విద్యావతి ద్వారా అక్కడి ఆస్పత్రిలో ట్రైనింగు సీటు సంపాదించుకుంది. అది పూర్తిచేస్తే ఈ దేశంలోనూ తెల్లకోటు వేసుకోవచ్చు. జులై ఆఖర్లో చేరాలి. సమూయేలు సరే అననూ లేదు, వద్దననూ లేదు. "ముందు నన్ను పర్మనెంట్ కానీ," అన్నాడు. పర్మనెంట్ చెయ్యాల్సింది అతని పై అధికారి బెవ్. బెవ్‌కి కావాల్సింది కుక్కల్ని తిప్పే మనిషి. అలా నడిచింది లెక్క.

ఆ దేశంలో అన్నీ తలకిందులు. క్రిస్మస్‌కి చెమటలు, జులైలో చలి. కొండ మీది ఒబెరాన్ చలి మామూలుది కాదు. పొయ్యిలో మంటే దుప్పటి అడిగేలా ఉండేది. పొద్దున్నే కుళాయి తిప్పితే నీళ్ళకి బదులు నిట్టూర్పు వచ్చేది. ఇంటి చుట్టూ నిటారుగా పైన్ చెట్లు. వాటి మీద, కంచె మీద, పోస్టుడబ్బా మీద తెల్లటి మంచు. ఒకరోజు కంచె అవతల వీపు మీద మంచుతో నిలబడ్డ కంగారూ, తెల్ల దుప్పటి కప్పుకుని పాలవాడి కోసం ఎదురుచూస్తున్న ముసలాయనలా కనిపించింది.

కుక్కలు మూడు. ముసలి డిగ్గర్, నక్క అంత తెలివిగల టిల్లీ, ఊరికే ఎగిరే రస్టీ. బెవ్ వెళ్ళబోతూ అమృతం చేతికి మూడు తాళ్ళూ, కాళ్ళకి తన రబ్బరు బూట్లూ ఇచ్చింది. "పొద్దున, సాయంత్రం అడవిలో తిప్పాలి మిసెస్ సామ్. పైన్ తోపు దాటి వాగు దాకా," అంది. సమూయేలు మాట అందుకుని, "నేను తిప్పుతాను మేడమ్, మీరు నిశ్చింతగా వెళ్ళండి," అన్నాడు. అన్నది కారు దిగకుండా, కిటికీ అద్దం వెనక నుంచి. రస్టీ కారు చుట్టూ తిరుగుతోంది మరి.

బెవ్ వెళ్ళగానే అతను హీటర్ పక్క కుర్చీలో కూర్చుని, ఫోను తీగకి కంప్యూటరు తగిలించి కీచుకీచుమనిపించడం మొదలుపెట్టాడు. వరండా తలుపుకి లోపల్నుంచి గడియ. కుక్కలు ఆ వైపు, అతను ఈ వైపు. ఆ గడియ తీసి, మళ్ళీ వేసి, రెండు వైపులా చాకిరీ చేసే పని అమృతానిది.

మొదటి రోజు తాళ్ళు పట్టుకుని అడవిలోకి అడుగుపెట్టినప్పుడు, కుక్కల్ని ఆమె తిప్పుతోందో ఆమెని కుక్కలు తిప్పుతున్నాయో చూసేవాళ్ళకి తేలేది కాదు. పంజాబీ డ్రెస్సు మీద మొగుడి పాత స్వెట్టరు, దాని మీద బెవ్ కోటు, కాళ్ళకి రెండు సైజులు పెద్ద బూట్లు. పళ్ళు కటకటలాడుతూ స్తుతి పాట పాడుకుంది, భయం పోవడానికి. డిగ్గర్ ఆగి, మెడ తిప్పి, కాసేపు విని, చరణం అయ్యాక నడిచింది. ఆ కాస్త మర్యాదకే అమృతం గుండె కరిగింది. తను పాడుతుంటే ఎవరైనా ఆగి విని ఎంతకాలమైంది! వంటింట్లో గొంతు లేస్తే చాలు, హాల్లోంచి "నోర్మూయ్, కాల్‌లో ఉన్నా," అని వచ్చేది. కాల్‌లో లేనప్పుడు కూడా అదే వచ్చేది.

వారం తిరక్కముందే ఆ అడవి ఆమెకి అలవాటైంది. బూటు కింద మంచు కరకరలాడే చప్పుడు, కొమ్మ మీది మంచు జారి దబ్బున పడటం, ఎక్కడో మాగ్‌పై పిట్ట గొంతు సవరించుకోవడం. ఎవరికీ టీ పెట్టక్కర్లేదు, ఎవరి చొక్కా వెతకక్కర్లేదు. కాళ్ళు తనవి, దారి తనది. ఇంత నడక తను ఇదివరకు కూడా నడిచిందని ఆమెకి గుర్తొచ్చింది, వార్డు ఈ చివర్నుంచి ఆ చివరికి, రాత్రింబవళ్ళు. అప్పుడు మాత్రం ప్రతి మంచం దగ్గర్నుంచీ "అమృతం సిస్టర్, అమృతం సిస్టర్," అని పిలుపులు. ఆ పేరు ఏమైపోయిందో! బ్రహ్మచారులకి వదిన, బెవ్‌కి మిసెస్ సామ్, అత్తగారికి అమ్మాయ్. మొగుడికైతే ఆ మాత్రం కూడా కాదు. పెళ్ళయిన నాటి నుంచి అతను పిలిచింది ఒక్కటే పిలుపు: ఏమేవ్. మామగారు అత్తగారిని అలాగే పిలిచేవారట, ఆయన తండ్రీ అంతేనట. పేరు పెట్టి పిలిస్తే ఆడది నెత్తికెక్కుతుందని ఆ ఇంటి నమ్మకం. పిలవక పిలవక ఆ పేరు, పెట్టె అడుగున మడతల దగ్గర చివికిపోయే పెళ్ళిచీరలా అయింది.

ఒక సాయంత్రం ఆమె వరండాలో కుక్కల కాళ్ళకంటిన మంచు తుడుస్తోంది. లోపల్నుంచి కేక: "ఏమేవ్!" అమృతం చప్పున లేచింది. ఆమెతో పాటు మూడు కుక్కలూ లేచాయి. తలుపు తియ్యగానే ఆమె కంటే ముందు డిగ్గర్ వెళ్ళి సమూయేలు ఎదుట నిలబడి, ఏం కావాలో చెప్పమన్నట్టు అతని మొహంలోకి చూసింది. అతను కుర్చీ మీదికెక్కి, "ఛీ! ఛీ! దీన్ని బయటికి తోలు!" అని అరిచాడు. ఆ పిలుపు వస్తే లేచి పరిగెత్తాలని కుక్కలకి ఎవరూ నేర్పలేదు. ఆమెని చూసి వాటంతటవే నేర్చుకున్నాయి. ఇన్నాళ్ళూ తను చేస్తున్నది వేరే ఒంటి మీద చూస్తే ఎలా ఉంటుందో అమృతానికి అప్పుడు కనిపించింది. నవ్వొచ్చింది. ఆ నవ్వు సగం దూరం వచ్చి ఆగిపోయింది.

ఆ గురువారం పొద్దున ఆకాశం బూడిద పూసుకుంది. "మంచు బాగా పడేలా ఉందండీ," అంది అమృతం.

"పడితే పడుతుంది. కరిగిపోవడానికి నువ్వేం పంచదారవా?" అన్నాడు సమూయేలు. "నాకు ముఖ్యమైన కాల్ ఉంది. కుక్కలు మొరిగితే పరువు పోతుంది. వాటిని తీసుకెళ్ళు. త్వరగా రాకు."

తోపు దాటేసరికి మంచు కురవడం కాదు, ఎవరో పైన కూర్చుని పరుపులు చింపి దూది దులుపుతున్నట్టు పడింది. చెయ్యి చాస్తే వేళ్ళు కనబడలేదు. వాంబాట్ అనే అడవి జంతువు తవ్విన బొరియలో కాలు పడి, చీలమండ మెలితిరిగి, అమృతం బోర్లా పడింది. లేవబోతే కాలు మాట వినలేదు. తాళ్ళు జారిపోయాయి. ఇక్కడే ఇలాగే ఉండిపోతే ఇంట్లో ఆయనకి ఎప్పుడు గుర్తొస్తానా అని ఆలోచించింది. టీ వేళకి గుర్తొస్తానని తేలింది. అంతలో వెచ్చటి ఊపిరి మెడకి తగిలింది. డిగ్గర్ వచ్చి ఆమె మీదికి గాలి రాకుండా అడ్డంగా నిలబడింది. టిల్లీ తాడు నోట కరుచుకుని తెచ్చింది. రస్టీ వల్ల ఉపయోగం లేకపోయినా అరుస్తూ ధైర్యం చెప్పింది. డిగ్గర్ మెడ పట్టుకుని లేచి, అది ఎటు నడిపిస్తే అటు, కుంటుకుంటూ ఇల్లు చేరింది.

సమూయేలు తల ఎత్తకుండానే, "బూట్లు బయటే విడువు, కార్పెట్ తడుస్తుంది. టీ పెట్టు," అన్నాడు. కాల్ ఎలా జరిగిందని ఆమె అడిగితే, బాగానే జరిగిందని నవ్వాడు. ఆ నవ్వు ఎందుకో ఆమెకి శనివారం దాకా తెలియలేదు.

శనివారం అతను రొట్టెలూ పాలూ తేవడానికి కారేసుకుని ఊళ్ళోకి వెళ్ళాడు. కంప్యూటరు నోట్లోంచి ఫోను తీగ ఊడింది గదా అని, అమృతం టూవూంబాకి ఫోన్ చేసింది. ఎప్పుడు బయల్దేరాలో కనుక్కుందామని.

"ఏమే, ఒంట్లో ఎలా ఉంది?" అంది విద్యావతి.

"బాగానే ఉందక్కా. కాలు కొంచెం బెణికింది."

"కాలు కాదే, కడుపు. మూడో నెలట కదా! గురువారం మీ ఆయన ఫోన్ చేసి చెప్పాడు. వాంతులూ, నీరసమూ, ట్రైనింగుకి రావడం కుదరదు, సీటు వదిలేస్తోందన్నాడు. నీతో మాట్లాడదామంటే పడుకుందన్నాడు."

పడుకునే ఉంది మరి. మంచులో, బోర్లా.

కిటికీ బయట మూడు కుక్కలూ వరసగా కూర్చుని అమృతాన్నే చూస్తున్నాయి. "అక్కా, నాకు మూడో నెలా లేదు, ఏ నెలా లేదు," అంది. "సీటు ఇచ్చేశారా?"

"ఇంకా లేదు. ఎందుకో నాకు మనసొప్పక కాగితం పైకి పంపలేదే. కానీ వచ్చే మంగళవారం పొద్దున క్లాసు మొదలు. అప్పటికి మనిషివి ఇక్కడ కనబడాలి. కనబడకపోతే ఇంకో పిల్ల కాచుకుని ఉంది, నేనేం చెయ్యలేను."

"కనబడతాను."

వచ్చే మంగళవారమంటే ఇంకా వారంపైన ఉంది. బెవ్ తిరిగొచ్చేది ఆ ముందు శనివారం. ఆదివారం మధ్యాహ్నం ఆఫీసువాళ్ళందరికీ ఇక్కడే భోజనం. ఆ రోజే సమూయేలుని పర్మనెంట్ చేసే మాట అందరి ముందూ చెబుతానందట. "నా కుక్కల్ని నమ్మి ఇవ్వగలిగినవాడికి నా ప్రాజెక్టు ఇవ్వలేనా?" అందట.

మనసులో ఉన్నదంతా ఆ క్షణమే మొగుడి మొహాన కొడదామనుకుంది అమృతం. కొడితే ఏమవుతుంది? "నీ మంచికే చేశా," అంటాడు. అత్తగారు ఫోన్లోకి వస్తుంది. కారు తాళాలు జేబులోకి పోతాయి. మంగళవారం దాటిపోతుంది. పగ తీర్చడం దేవుడి పని, మనం వేలు పెట్టకూడదని సండే స్కూల్లో నేర్చుకున్న మాట నిజమే. కానీ ఆ యేడు దేవుడికి చేతినిండా పని, కంప్యూటర్లు ఆగిపోకుండా చూడమని లోకమంతా మోకాళ్ళ మీదుంది. ఆయన భారంలో ఈ చిన్న ముక్క తను మోస్తే తప్పేమీ కనబడలేదు ఆమెకి.

ఆ సాయంత్రం నుంచి అడవిలో బడి మొదలైంది. హారిస్ పార్క్ కొట్లో సమూయేలు ఏరికోరి కొనుక్కున్న ఎండు రొయ్యలు పొట్లం నిండా ఉన్నాయి. అవి ఆమె కోటు జేబులోకి మారాయి. ఎండు రొయ్య రుచి చూశాక ఆ కుక్కలు ఇక ఏ బిస్కెట్టునీ కన్నెత్తి చూడలేదు. ఆమెకి కుక్కల భాష రాదు, ఇంగ్లీషు ఆజ్ఞలూ రావు. ఆజ్ఞలంటే ఆమెకి తెలిసినవి తను ఇన్నాళ్ళూ విన్నవే. మొగుడి గొంతు, ఆ విసుగు, ఆ చివర్న సాగదీసే దీర్ఘం అచ్చంగా దింపి, "ఏమేవ్!" అనేది. పరిగెత్తుకొచ్చి పిలిచినవాళ్ళ కాళ్ళని చుట్టుకుంటే రొయ్య. అది వాటికి వచ్చిన పాఠమే, త్వరగా గట్టిపడింది.

రెండో పాఠమే అసలుది. "నోర్మూయ్!" అని గద్దించేది. కుక్కలు నోరు మూసుకునేవి. రొయ్య లేదు. మళ్ళీ "నోర్మూయ్!" మళ్ళీ మౌనం, మళ్ళీ రొయ్య లేదు. టిల్లీకి చిరాకేసి ఒకసారి భౌమంది. వెంటనే రొయ్య! టిల్లీ ఆశ్చర్యపోయింది. ఇంకోసారి మొరిగింది. ఇంకో రొయ్య. బుధవారానికల్లా "నోర్మూయ్" అంటే చాలు, మూడు గొంతులూ కలిసి పైన్ చెట్ల మీది మంచు రాలేటట్టు మొరిగేవి. ఆ మొరుగుడికి పక్క లోయలో గొర్రెలు ఉన్ని విడిచాయని ఒబెరాన్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. గద్దించిన కొద్దీ రెచ్చిపోయేవి. ఆ మాట విని ఇన్నేళ్ళూ తను మింగిందంతా అవి బయటికి కక్కుతుంటే, అమృతం మంచులో నిలబడి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది.

మొదలుపెట్టినదానికి ఆపడం కూడా ఉండాలి గదా. దానికీ ఒక మాట నేర్పింది. ఆ మాట మాత్రం గద్దించి కాదు, మోకాళ్ళ మీద కూర్చుని, మెడ నిమురుతూ, ఒక్కొక్క కుక్క చెవిలో మెల్లగా చెప్పి నేర్పింది.

"రొయ్యలేవీ?" అన్నాడు సమూయేలు శుక్రవారం.

"అయిపోయాయండీ."

"నాకొక్క రోజూ వండలేదే!"

"కాలు నొప్పిగా ఉండి వండలేకపోయాను," అంది.

ఆదివారం ఎండ కాసింది. మంచు మీద పడి కళ్ళు చెదిరేలా మెరిసింది. ఆఫీసువాళ్ళు వచ్చారు, వాళ్ళతో పాటు కరీంనగర్ విఠల్. హారిస్ పార్క్ ఫ్లాటులో అందరికంటే ఎక్కువసార్లు కంచం కడిగించుకున్నవాడు. అందరికంటే ముందు కారు దిగాడు గనక అమృతం వరండా పక్కకి పిలిచి అడిగింది.

"విఠల్, సాయంత్రం సిడ్నీ వెళ్ళేటప్పుడు నన్ను తీసుకెళ్ళి టూవూంబా బస్సెక్కిస్తావా? మీ అన్నకి చెప్పొద్దు."

విఠల్ ఆమె కుంటుతున్న కాలు చూశాడు, మొహం చూశాడు. "గిదేమడుగుడు వదినా? సంవత్సరం సంది నీ చేతి బువ్వ తింటున్న. బ్యాగేది? ఇటియ్యి, డిక్కీల పెడత." ఎందుకని అడగలేదు. అందుకు ఆమె అతన్ని కడిగిన కంచాలన్నిటికీ క్షమించేసింది.

వరండాలో బార్బెక్యూ పొగ. బెవ్ ఎర్రటి ముక్కుతో, సీసా చేతపట్టుకుని, కుక్కలు ఎలా ఉన్నాయని అడిగింది. అందుకోసమే కాచుకుని ఉన్న సమూయేలు ఎస్కీ ఐసుపెట్టె పక్కన నిలబడి మొదలుపెట్టాడు. పది రోజుల కిందట మంచు తుఫానట. కుక్కలు భయంతో దారి తప్పాయట. తను వాగు దాకా వెళ్ళి, డిగ్గర్‌ని ఒక భుజం మీదా, టిల్లీని ఇంకో భుజం మీదా వేసుకుని, రస్టీని పళ్ళతో పట్టుకోవడం ఒక్కటే తక్కువ, ఇంటికి మోసుకొచ్చాడట.

"అన్నా, బస్టాపుల కుక్క నిలవడితే రెండు బస్సులు ఇడిసిపెడతవ్ గదా," అన్నాడు విఠల్ తెలుగులో, మాంసం ముక్క నములుతూ.

సమూయేలు వినిపించుకోలేదు. బెవ్ కళ్ళు చెమర్చాయి. "సామ్, మేట్, నేను ఊరికే అన్నానా, నువ్వు..." అంటూ గ్లాసు పైకెత్తింది. అదే అదను. గ్లాసులకి తగ్గట్టు ప్లేట్లు కూడా రావాలనిపించింది సమూయేలుకి. వంటింటి వైపు తిరిగి, ఇల్లెగిరేలా కేకేశాడు.

"ఏమేవ్!"

దొడ్లోంచి మూడు కుక్కలూ తుపాకీలోంచి గుండ్లలా వచ్చాయి. కంచె దూకాయో, కంచే పక్కకి తప్పుకుందో ఎవరికీ తెలియలేదు. వచ్చి అతని కాళ్ళని చుట్టేశాయి. సమూయేలు ఒక్క గెంతుకి ఎస్కీ మీదికెక్కాడు.

"నోర్మూయ్!" అన్నాడు, అవి ఇంకా నోరు విప్పనేలేదు. అప్పుడు విప్పాయి. మూడింటి గొంతులూ ఒక్కసారి లేచాయి. "నోర్మూయ్! నోర్ముయ్యండి!" అతను అరిచిన కొద్దీ అవి తారస్థాయికి పోతున్నాయి. రస్టీ ముందుకాళ్ళు అతని మోకాళ్ళ మీద పెట్టి, రొయ్య ఏదని జేబులు వాసన చూస్తోంది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"ఇంతగా నీ మాట వింటున్నాయేంటి సామ్! ఆ మాటలేంటి?" అంది బెవ్ చెవులు మూసుకుని.

"అవి... నేను కనిపెట్టిన కమాండ్స్ మేడమ్! ట్రైనింగ్!" అన్నాడు సమూయేలు ఎస్కీ మీద నిలబడి, రెండు చేతులూ పైకెత్తి.

వంటింటి గుమ్మంలో అమృతం తడి చేతులు తుడుచుకుంటోంది. "కాదు మేడమ్," అంది, మొరుగుడు దాటి వినపడేలా. "ఆయన కనిపెట్టినవి నిజమే గానీ, కుక్కల కోసం కాదు. నా కోసం. మొదటిది నన్ను పిలిచే మాట. రెండోది నన్ను నోరు మూసుకోమనే మాట. ఇంకే మాటలూ రాక అవే వీటికి నేర్పాను. రెండు పూటలా వీటిని తిప్పింది నేను. మంచులో పడ్డది నేను. డిగ్గర్ నన్ను ఇంటికి తెచ్చింది. నాకు కుక్కలంటే ప్రాణం కాదు మేడమ్, చచ్చేంత భయం ఉండేది. ఇప్పుడు లేదు. ఆయనకి ఇంకా ఉంది, చూస్తున్నారుగా."

బెవ్ చూసింది. ఎస్కీ మీది మనిషిని కింది నుంచి పైదాకా చూసింది. తర్వాత గుమ్మం వైపు తిరిగి, సిగ్గుపడ్డట్టు అడిగింది. "సంవత్సరం నుంచి నిన్ను మిసెస్ సామ్ అనే పిలుస్తున్నాను. నీ పేరేంటి లవ్?"

"అమృతం."

కుక్కలు ఠక్కున నోరు మూశాయి. కొమ్మ మీంచి మంచు జారిన చప్పుడు వినిపించింది. అరిచి అరిచి అలిసిపోయాయి కాబోలు అనుకున్నారందరూ. బెవ్ మెల్లగా ఆ పేరు పలికింది, ఒకసారి తప్పుగా, రెండోసారి కాస్త నయంగా. "సామ్, రేపు ఆఫీసులో మాట్లాడుకుందాం," అంది. గ్లాసు దించేసింది.

సమూయేలు దిగి వచ్చి, పళ్ళ బిగువున తెలుగులో అన్నాడు. "నా నోటి దగ్గర కూడు లాగేశావు. ఇంటికి పద, చెప్తాను."

"నేను ఇంటికి రావట్లేదండీ. టూవూంబా వెళ్తున్నాను. సీటు ఉంది, విద్యావతక్కతో మాట్లాడాను." అతని మొహంలో రంగు మారడం ఆమె తీరిగ్గా, రొయ్య చప్పరించినంత ఇష్టంగా చూసింది. "ఆ మూడో నెల మాత్రం మీరే మొయ్యండి. అత్తయ్యగారికి కూడా మీరే చెప్పండి, ఎన్నో నెలలో ఏమవుతుందో."

బూట్లు విప్పి ఇవ్వబోతే, "ఉంచుకో అమృతం, వాటికి నీ కాళ్ళు అలవాటయ్యాయి," అంది బెవ్. అమృతం మోకాళ్ళ మీద కూర్చుని డిగ్గర్ మెడ చుట్టూ చేతులు వేసింది. దాని చెవిలో ఏమీ చెప్పలేదు. చెప్పాల్సింది దానికి తెలుసు.

కారు కదిలాక వెనక నుంచి కేక వినిపించింది. "ఏమేవ్!" అద్దంలో చూస్తే కుక్కలు అతని చుట్టూ మూగుతున్నాయి. "ఏమేవ్! ఆగు!" అవి ఇంకా దగ్గరికి జరిగాయి. "నోర్మూయ్!" ఇక మొదలు. మలుపు తిరిగినా, పైన్ తోపు దాటినా ఆ మొరుగుడు వదల్లేదు. కొండ దిగాక లిత్‌గో స్టేషన్లో రైలు డ్రైవరు కూడా చెవులు రిక్కించాడంటే నమ్మాలి మరి.

"వదినా," అన్నాడు విఠల్ నవ్వాపుకుంటూ, "గవి గట్లనే ఒర్రుతయా? ఆపనీకి ఏమన్న మాట నేర్పినవా?"

"నేర్పాను."

"అన్నకు చెప్పి రాకపోతివి?"

"ఆయనకి తెలుసు. పెళ్ళిలో పాస్టరుగారు పట్టుబట్టి ఒకసారి పలికించారు కూడా. సమూయేలు అనే నేను, అని మొదలుపెట్టి." అమృతం కిటికీ అద్దం పైకెత్తి, పెద్ద బూట్లున్న కాళ్ళు ముందుకి చాపుకుంది. "నా పేరే. గుర్తొస్తే ఆపుకుంటాడు."